ద్వివచనం

“గదిలో కాలు పెట్టాక మీ నోట తెలుగు వినపడకూడదు” అని మరోసారి హెచ్చరించి, మాస్టారు అందరినీ జంటలుగా కూర్చోబెట్టారు. లైబ్రరీ మేడ మీద ఆదివారం ఉదయం సంస్కృతం క్లాసు అది.

చివరికి ఇద్దరు మిగిలారు. గడియారాలు బాగుచేసే ఆయన, కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే ఆవిడ. ఇద్దరికీ నలభై లోపే. ఆ మూల ఒకరు, ఈ మూల ఒకరు ఉన్నవాళ్లు మాస్టారు సైగ చేస్తే ఒకే బల్ల మీదికి వచ్చారు. వచ్చారు గానీ, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలారు.

చేరిన రోజు “సంస్కృతం ఎందుకు?” అని అడిగితే మిగతావాళ్లు శ్లోకాలనీ, పరీక్షలనీ చెప్పారు. ఆయన మాత్రం “మాట్లాడటానికండీ” అన్నాడు.

“ఈ రోజుల్లో ఎవరితోనయ్యా?” అని నవ్వారు మాస్టారు. ఆయన బుర్ర గోక్కున్నాడు.

మూడో వారం ఆవిడ పుస్తకం చూసుకుంటూ, కూడబలుక్కుని అడిగింది. “భవాన్ కిం ఖాదితవాన్?” ఏం తిన్నారు అని.

“కిమపి న.” ఏమీ లేదు.

పై వారం ఆవిడ సంచిలో టిఫిన్ డబ్బా వచ్చింది. మాస్టారు చూసీ చూడనట్టు బోర్డు తుడిచారు.

మూడో నెలలో ‘క్షమ్యతామ్’ నేర్పారు. క్షమించండి అని. అందరూ ఒకసారి పలికి ఊరుకున్నారు. ఆయన ఆవిడ వైపు తిరిగి మూడుసార్లు అన్నాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

“ఉచ్చారణ మీద ఎంత శ్రద్ధో!” అని మాస్టారు ఇంట్లో మురిసిపోతే, భార్య ఆయన్ని ఎగాదిగా చూసింది.

“మీకు విభక్తులు తప్ప ఏమీ కనపడవు. వాళ్లిద్దరి మధ్యా ఏదో నడుస్తోంది.”

అప్పట్నుంచి మాస్టారు గమనించారు. గడియారాలాయన తన దుకాణం వెనక గదిలో ఒక్కడే ఉంటాడు. ఆవిడ అన్నయ్య ఇంట్లో ఉంటుంది. వేరు వేరు బస్సుల్లో వస్తారు. బల్ల మీద ఆ చోటు మాత్రం వారం వారం తగ్గిపోతోంది.

ద్వివచనం పాఠం రోజున మాస్టారే నియమం తప్పి తెలుగులో చెప్పారు. “మనకి ఇద్దరైనా ఇరవై మందైనా ‘మేము’ అంతే. సంస్కృతంలో ఇద్దరికే ఒక మాట ఉంది. ఆవామ్. అందులో మూడోవాడికి చోటు లేదు. ఏదీ, ఒక వాక్యం చెప్పండి.”

ఆవిడ లేచింది. “ఆవాం గృహం గచ్ఛావః.” మేమిద్దరం ఇంటికి వెళ్తున్నాం.

ఆయన చేతిలో కలం జారిపడింది. తీసుకోవాలని కూడా తోచలేదు.

క్లాసయ్యాక మాస్టారు ఇద్దర్నీ ఆపి, గొంతు సవరించుకున్నారు. “చూడమ్మా, మీరిద్దరూ లోకం తెలిసినవాళ్లు. కాదనడానికి నేనెవర్ని? కానీ ఇంటికంటే ముందు పెళ్లి మాట ఉండాలి కదా. మీ అన్నయ్యగారితో నన్ను మాట్లాడమంటావా?”

గడియారాలాయన తల దించుకున్నాడు. “తెలుగులో నాకు నోటిదురుసు ఎక్కువండీ. నోరు తెరిస్తే గొడవే.”

“ముందే చెప్పేశావు. మంచివాడివే” అన్నారు మాస్టారు.

ఆవిడ ఇక నవ్వు ఆపుకోలేకపోయింది.

“మాకు పెళ్లయి పదకొండేళ్లయింది, మాస్టారూ!”