బోణీ

"బోణీ అయ్యేదాకా ముందుకి రాకమ్మా, వర్ధనం."

ఆ మాట అన్నది నేనే. నాన్న దినవారాలు అయ్యాక, నర్సీపట్నంలో మా ఇంటి ముందుగదిలోని ఉప్పు, బెల్లం దుకాణం నేను మొదటిసారి తీస్తున్న పొద్దు అది. పన్నెండేళ్ళకే భర్త పోయి పుట్టింటికి చేరిన నా చెల్లెలు గడప దగ్గరే ఆగి, గుప్పిట మూసుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

ఇది నేను కొత్తగా పెట్టిన ఆనవాయితీ కాదనుకున్నాను. ఉప్పుకి చేతులు పగిలినా, మన్యం పితూరీ నాళ్ళలో కూడా, నాన్న ఒక్క పూట దుకాణం మూయలేదు. రోజూ చీకటితోనే తీసేవారు. నేను నిద్ర లేచేసరికి బోణీ అయిపోయి ఉండేది. వర్ధనం ఎదురుపడకుండా ఉండటానికే ఆ తొందరంతా అని ఇన్నేళ్ళూ నమ్మాను.

మాకవరపాలెం నుంచి గంపతో వచ్చిన ముసలమ్మ ఉప్పు కొంది. డబ్బులు కళ్ళకద్దుకుని గల్లాలో వేశాను. ఆమె లోపలికి తొంగిచూసింది.

"పాప ఏదీ బాబూ? ఒంట్లో బాగోలేదేటి?"

"ఎందుకమ్మా?"

"నాను ఎంత ఏకువనే వచ్చినా మీ అయ్య తూసీవోరు కాదు. ఆ పాప సేత్తో కాణీ అందుకున్నాకే తక్కెడ ముట్టీవోరు. మాపటేల ఆ కాణీ మళ్ళీ పాపకే ఇచ్చీసీవోరట."

లోపలికి పరుగెత్తాను. వర్ధనం వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను చూసి గుప్పిట విప్పింది. అరచేతిలో అరిగిపోయిన కాణీ.

"బోణీ అయిందా అన్నయ్యా? ఇప్పుడు రావచ్చా?" అని అడిగింది.