బాల్కనీలో స్పీకరు

ఆ రోజుల్లో పోయినవాళ్ళ గొంతులను స్పీకర్లలో పెట్టుకోని ఇల్లు విశాఖపట్నంలో అరుదు. భర్త పోయిన కొన్నాళ్ళకు హైమావతి కూడా పెట్టించుకుంది. బిగించడానికి వచ్చిన ఖాదర్ గదంతా కొలిచి, నాలుగు మూలలా స్పీకర్లు అమర్చి, ఆమెను సోఫా మధ్యలో కూర్చోబెట్టాడు.

“హైమా, ఏం చేస్తున్నావు?”

భర్త గొంతు సరిగ్గా ఎదురుగా, మోకాళ్ళు తగిలేటంత దగ్గర నుంచి పలికింది.

హైమావతి తల అడ్డంగా ఊపింది. “ఆయన నా దగ్గర కూర్చుని ఎప్పుడు మాట్లాడారు బాబూ? ఎప్పుడూ ఆ బాల్కనీలో మొక్కల దగ్గర నుంచే కేకలు.”

“అక్కడ పెడితే రోడ్డు రొదలో సగం వినబడదమ్మా.”

“అప్పుడూ సగమే వినబడేది.”

ఖాదర్ ఒక్క స్పీకరును బాల్కనీలో మొక్కల మధ్య పెట్టి, మిగతావి విప్పేశాడు. బస్సుల మోతలో కలిసిపోతూ ఏదో పిలుపు వచ్చింది.

“వినబడట్లేదు, లోపలికొచ్చి చెప్పండి!” అని హైమావతి అలవాటుగా అరిచింది. అరిచి, బాల్కనీ గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది. ఎవరూ రాలేదు.

“తీసేయమంటారా అమ్మా?” అన్నాడు ఖాదర్ నెమ్మదిగా.

“వద్దులే.” ఆమె కళ్ళు తుడుచుకుంది. “వెళ్ళేటప్పుడు ఆ బాల్కనీ తలుపు మాత్రం వేసెయ్యి. తెరిచి ఉంటే, వస్తారని చూస్తూ కూర్చుంటాను.”