నాలుక చెప్పిన మాట

ఎమ్మే మొదటి ఏడాది పిల్లలకి వకుళ మేడమ్ మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే, కళ్లజోడు తీసెయ్యమని. తవ్వకంలో దొరికిన ముక్క వైపు చూడగానే అదేమిటో, ఎన్నేళ్లదో చెప్పేసే ఆ కళ్లజోడు లేకుండా ఇప్పుడు పురావస్తు శాఖలో ఎవరూ గుంటలోకి దిగరు.

మేడమ్ డబ్బాలోంచి ఒక ముక్క తీసి ముందు వరసలో ఉన్న సువార్త అనే అమ్మాయి చేతిలో పెట్టారు. ముప్పయ్యేళ్ల కిందట ఆవిడే తవ్వి తీసిన ఎముక అది. ఆవిడ పీహెచ్‌డీ అంతా ఇలాంటి డబ్బాల్లోని ఎముకల మీదే నిలబడింది.

"నాలుకకి ఆనించు. పాత ఎముకైతే అంటుకుంటుంది, రాయైతే అంటుకోదు."

"కళ్లజోడు ఎముకే అని చెప్పిందండీ."

"దాన్ని నమ్మొద్దనేగా నేను చెప్పేది."

సువార్త ఆనించింది. తుడుచుకుని మళ్లీ ఆనించింది.

"అంటుకోవట్లేదు మేడమ్. కొత్త ప్లాస్టిక్ దువ్వెన నోట్లో పెట్టుకున్నట్టుంది."

క్లాసంతా నవ్వింది. మేడమ్ ఇంకో ముక్క తీసి తన నాలుకకే ఆనించుకున్నారు. తరవాత ఇంకోటి. ఒక్కటీ అంటుకోలేదు.

కిందటేడు కళ్లజోడు కంపెనీవాళ్లు స్కానింగుకని ఈ డబ్బాలన్నీ పట్టుకెళ్లి, వారం తరవాత తెచ్చిచ్చారు. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం చేసింది ఆవిడే.