రాయబారి కనబడుట లేదు

"మీ నాన్నగారితో చెప్పవే, గ్యాస్ అయిపోవచ్చింది" అని ఆమె గిన్నెలు తోముతూనే పిల్లికి కబురు అప్పగించింది. హాల్లో ఎవరిదో చేతిగడియారం బాగుచేయడానికి విప్పుకుని కూర్చున్న భర్తకు ప్రతి అక్షరమూ వినబడుతూనే ఉంది. కానీ పిల్లి 'గ్యాస్' దగ్గరే లేచి, ఒళ్ళు విరుచుకుని, కిటికీలోంచి బయటికి నడిచింది. రాయబారి మధ్యలో లేచిపోతే కబురు చేరనట్టే లెక్క. మర్నాడు సాయంత్రం పొయ్యి ఆరిపోయింది. ఇద్దరూ చెరో మూలా కూర్చుని ఎండు రొట్టె నమిలారు.

ఆ మొగుడూ పెళ్ళాల మధ్య మాటలు ఆగి అప్పటికి పది రోజులు. కారణం ఒక గొడుగు. ఆమె ముచ్చటపడి కొనుక్కున్న గొడుగును ఆయన బస్సులో వదిలేసి వచ్చి, ఆ మాత్రం దానికేముంది, గొడుగేగా అన్నాడు. ఆమె వెంటనే పెళ్ళయిన నాటి నుంచి ఆయన పోగొట్టిన వస్తువులన్నీ వరసగా ఏకరువు పెట్టింది. దాంతో ఆయన మూతి ముడిచాడు. ఆమె మాత్రం తక్కువ తిన్నదా, తనూ ముడిచింది. ఇక ముందు నోరు విప్పినవాళ్ళు ఓడినట్టు.

ఇంట్లో పెత్తనమంతా దొరసాని చేతికి పోయింది. దొరసాని అంటే వాళ్ళ పిల్లే. పిలిస్తే రాదు, పొమ్మంటే పోదు, ఎత్తుకుంటే అద్దెకున్నవాళ్ళను ఇంటావిడ చూసినట్టు చూస్తుంది. అలాంటిదాని దయ మీద ఓ సంసారం నడుస్తోంది.

సోమవారం నాడు అసలు చిక్కు వచ్చిపడింది. ఆమె ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. యజమాని పిలిచి, రైల్లో ఆరు గంటల దూరంలో ఉన్న ఊళ్ళో కొత్త దుకాణం తెరుస్తున్నానని, దాని బాధ్యత ఆమెకే అప్పగిస్తానని, శనివారం పదింటికల్లా ఏ సంగతీ తేల్చాలని చెప్పాడు. పద్నాలుగేళ్ళుగా ఆమె ఎదురుచూసిన మాట అది. భర్తతో చెప్పకుండా ఔననలేదు, కాదనడానికి మనసొప్పదు. పోనీ పిల్లితో చెప్పిద్దామా అంటే, ఈ కబురు వింటున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఆమెకు ఆశ. పైగా దొరసాని దీన్ని కూడా గ్యాస్ కబురు చేసిందంటే కొంప మునుగుతుంది.

మంగళవారం తెల్లారగానే ఆమె పిల్లిని బుట్టలో పెట్టుకుని, వీధి చివర కుట్టుపని చేసే దర్జీ అక్క కొట్లో దింపి వచ్చింది. నాలుగు రోజులు ఉంచమనీ, ఎవరికీ చెప్పొద్దనీ బతిమాలింది. రాయబారి లేకపోతే ఆయనే దిగొచ్చి మాట్లాడతాడని ఆమె ఎత్తు.

ఆయన దిగొచ్చింది మాటకు కాదు, వెతుకులాటకు. ఆ సాయంత్రమే టార్చి పట్టుకుని బీరువా వెనకా, అటక మీదా, ఆఖరికి బూట్లలో కూడా చూశాడు. బుధవారం పొద్దున్నే చెప్పులేసుకుని, వీధుల్లో ఓసారి చూసొస్తానని గోడగడియారానికి చెప్పి వెళ్ళాడు. అరగంటకు వట్టి చేతులతో తిరిగొచ్చి నిట్టూర్చాడు. గురువారమూ అంతే. శుక్రవారమూ అంతే. ఆమెకు మనసు పీకడం మొదలైంది. ఒక గొడుగు కోసం మనిషిని ఇంత క్షోభ పెట్టాలా అనిపించింది. రెండుసార్లు చెప్పేద్దామని గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ పంతం గుర్తొచ్చి వెనక్కి పోయింది. చూస్తుండగానే గడువు ఒక్క రోజులోకి వచ్చేసింది.

శుక్రవారం సాయంత్రం ఆయన నడుము దాకా మంచం కింద దూరి, అక్కడి నుంచే అడిగాడు.

"నువ్వు చివరిసారి ఎప్పుడు చూశావు దాన్ని?"

పదిహేను రోజుల తర్వాత మొదటి 'నువ్వు'. గెలిచినందుకు సంబరపడాలని కూడా ఆమెకు తోచలేదు. పిల్లి సంగతి వదిలేసి, కొత్త దుకాణం సంగతంతా గుక్క తిప్పుకోకుండా మంచం కిందికి చెప్పేసింది. ఆయన జుట్టు నిండా బూజుతో బయటికొచ్చి నేల మీదే కూర్చున్నాడు.

"నీకు వెళ్ళాలని ఉందా?"

"ఉంది. కానీ మీరు ఇక్కడ, నేను అక్కడా అయితే నా వల్ల కాదు."

"నేను ఇక్కడెందుకుంటాను? ఆ ఊళ్ళో గడియారాలు మాత్రం ఆగిపోవా, బాగుచేయడానికి?" అన్నాడాయన. "గొడుగు విషయంలో తప్పు నాదే" అని కూడా అన్నాడు. ఆమె ఆయన జుట్టులో బూజు దులుపుతూ ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా. ఆ తర్వాత ఇద్దరూ పదిహేను రోజుల మాటలూ ఒక్క పూటలో ఆడేసుకున్నారు.

శనివారం పొద్దున్న యజమానికి ఫోన్ చేసి ఔనని చెప్పాక, పిల్లిని తాను కూడా ఓసారి వెతికొస్తానని ఆమె బయల్దేరింది. ఆయన గడ్డం గీసుకుంటూ, సరే, నిదానంగా చూసి రమ్మన్నాడు.

కొట్లో దొరసాని ఎవరిదో కొత్త కోటు మీద ముడుచుకుని పడుకుని ఉంది. వచ్చిందెవరో చూసి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఆమె దాన్ని బుట్టలోకి ఎత్తుతూ దర్జీ అక్కకు మరీ మరీ చెప్పింది.

"ఈ సంగతి ఎప్పటికీ మా ఆయన చెవిన పడనివ్వకక్కా. పాపం, మూడు రోజులు పొద్దున్నే లేచి దీనికోసం వీధులన్నీ తిరిగారు."

దర్జీ అక్క పెదాల మధ్య పెట్టుకున్న గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది.

"రోజూ పొద్దున్నే వచ్చి దీనికి పాలు పోసి వెళ్ళింది ఆయనేనమ్మాయ్."