చేతులెత్తించే కథ

పెద్ద వరద వచ్చిపోయిన మరుసటి వేసవి అది. చర్చి గోడల మీద నడుమెత్తు నీటి మరక ఇంకా పోలేదు. సెలవుల్లో పిల్లలకు బైబిలు బడి నడపడానికి పట్నం నుంచి వ్యాన్లో ఒక బృందం దిగింది. డైరెక్టరు, పాటలు నేర్పే ఇద్దరు అక్కయ్యలు, డ్రైవరు, వంటామె. ఊరికో వారం చొప్పున సెలవులన్నీ వాళ్లకు ఇదే పని.

మొదటి రోజు బాగానే గడిచింది. పిల్లలు చేతులూపుతూ పాటలు పాడారు. వాక్యం కంఠతా పట్టారు. రంగు కాగితాలతో నోవహు ఓడ చేశారు.

రెండో రోజు డైరెక్టరు తాను దేవుడి దారిలోకి ఎలా వచ్చాడో సాక్ష్యం చెప్పాడు. తన చిన్నప్పుడు వరద వచ్చిందట. వాళ్లమ్మ తనను ఇంటి కప్పు మీదికి ఎక్కించి, తాను కొట్టుకుపోయిందట. నీళ్లలోంచి ఆమె చెయ్యి ఎలా లేచిందో చూపించడానికి తన చెయ్యి పైకెత్తి, వేళ్లు ఒక్కొక్కటే ముడిచాడు.

"రేపు మీ అమ్మ ఉంటుందో లేదో మీకు తెలుసా? యేసయ్యకు మనసిచ్చేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు రుమాలు తీసి.

పిల్లలు వెక్కుతూ చేతులెత్తారు. ఒక అక్కయ్య ఫోన్లో వీడియో తీసింది.

ప్రార్థన అయిందో లేదో డైరెక్టరు వరండాలో కూర్చుని, టీ చప్పరిస్తూ, ఫోన్లో తన ఏడుపు తానే చూసుకున్నాడు. కొంచెం వెలుతురు వైపు తిరిగి ఏడవాల్సిందని అక్కయ్యతో అన్నాడు. పక్కనే ఉన్న ఆ చర్చి పాస్టరుగారు లేచి లోపలికి వెళ్లిపోయారు.

ఆయన మనవరాలిని అందరూ పిచ్చుక అంటారు. ఆ కథ విన్న దగ్గర్నుంచి పిచ్చుక తల్లిని వదల్లేదు. తల్లి రోజూ పడవెక్కి ఏటి అవతలికి పనికి పోవాలి. పిల్ల గుమ్మానికి అడ్డం పడుకుంది. ముద్ద మింగదు. నిద్రలో లేచి తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

కాస్త కుదురుగా కూర్చునేది వంటామె దగ్గరే. చర్చి వెనక పొయ్యి పెట్టుకుని ఆమె తన పని తాను చేసుకుపోయేది. డైరెక్టరు ఆమెను ఏ పిలుపూ పిలిచేవాడు కాదు. కంచం ముందుకు తోసేవాడు, ఆమె వడ్డించేది.

"ఆ అమ్మ చావలేదే పిచ్చిదానా. గుండ్రాయిలా ఉంది," అని చెప్పి ఆమె పిచ్చుకకు రెండు ముద్దలు తినిపించింది. పిల్ల తింటుందంటే ఆ మాత్రం అబద్ధం దేవుడు క్షమిస్తాడులే అనుకున్నారు పాస్టరుగారు.

ముగింపు రోజున తల్లులంతా వస్తారు. ఆ పూట ఆ కథ వద్దని ఆయన డైరెక్టరును బతిమాలారు. ఇది వరదలో మనుషుల్ని పోగొట్టుకున్న ఊరని చెప్పారు.

"అది నా తల్లి చావు అంకుల్. మీరెలా వద్దంటారు?" అన్నాడు డైరెక్టరు.

పాస్టరుగారు వెనక్కి తగ్గారు. తల్లి పోయినవాడితో ఏం వాదిస్తాం?

వ్యాను కడుగుతున్న డ్రైవరు ఇదంతా విన్నాడు. డైరెక్టరు అటు వెళ్లగానే నవ్వాడు.

"ఏ చావు అయ్యగారూ? పోయిన వారం కొండ కింది ఊళ్లో పాము కరిచి పోయింది. అంతకు ముందు ఊళ్లో ఇల్లంటుకుని పోయింది. ఊరిని బట్టి చావు. పాపం, ఎన్నిసార్లని చస్తుంది!" అన్నాడు. అని, పొయ్యి వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుని గుడ్డ పిండుకున్నాడు.

పాస్టరుగారికి ఉమ్మేయాలనిపించింది. చర్చి ఆవరణ కాబట్టి మింగారు.

బృందాన్ని పొమ్మందామంటే పిల్లలు ముగింపు రోజు నాటకానికి వేషాలు కుట్టించుకుని కూర్చున్నారు. పిచ్చుకేమో వంటామె పక్కన లేకపోతే చర్చి గడప తొక్కనంది. ఆయన పొయ్యి దగ్గరికి వెళ్లి, రేపు లోపలికి వచ్చి పిల్ల పక్కన కూర్చోమని అడిగారు.

ఆమె బంగాళాదుంపల తొక్క తీస్తూ తలెత్తలేదు.

"నేను లోపలికి రాకూడదండీ. ఆ బాబు మాట్లాడేటప్పుడు పొయ్యి దగ్గరే ఉండాలి. వ్యానెక్కించుకున్నప్పుడే చెప్పాడు."

వండిపెట్టే చెయ్యి కావాలి, మనిషి మాత్రం చర్చిలోకి రాకూడదు! పాస్టరుగారికి ఒళ్లు మండిపోయింది.

"ఇది దేవుడిల్లమ్మా. వాడి మామగారిల్లు కాదు," అన్నారు.

ఆమె అప్పుడు నవ్వింది. వారమంతా నవ్వని మనిషి.

మర్నాడు పొద్దున తల్లులతో చర్చి నిండిపోయింది. పాస్టరుగారు పొయ్యి దగ్గరికి వెళ్లి, వంటామె చేతిలోని గరిటె తీసి పక్కన పెట్టారు. ఆమెను వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో మనవరాలి పక్కన కూర్చోబెట్టారు. పిచ్చుక ఆమె ఒళ్లోకి ఎక్కింది.

డైరెక్టరు వేదిక ఎక్కాడు. రుమాలు తీశాడు. "మా అమ్మ..." అని గొంతు వణికిస్తూ మొదలుపెట్టి, ముందు వరస చూసి ఆగిపోయాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

వంటామె తడి చేతులు తుడుచుకుని, పిల్లను ఒళ్లో సర్దుకుని, నెమ్మదిగా అంది:

"చెప్పరా నాన్నా, ఈ ఊళ్లో నేనెలా చచ్చిపోయానో నేనూ వింటాను."