రెండు రాత్రుల అతిథి

"ఆ సంచి ఇలా ఇవ్వండి అన్నయ్యగారూ. ఇవ్వకపోతే లాక్కుంటాను," అన్నది జమ్‌సున్.

తొకునాగా సంచిని ఒళ్ళోకి జరుపుకున్నాడు. "పదకొండు గంటలకు ఓడ ఉందమ్మా."

"ఇంకా మూడు గంటలుంది. రేవు ఈ సందు చివరే కదా, ఎక్కడికీ పారిపోదు. ముందు తినండి."

కొరియాలోని బుసాన్ రేవు పక్క సందులో జమ్‌సున్ నడిపే బసలో ఉన్నవి నాలుగే గదులు. వాటిలో సముద్రం కనబడే గది, ప్రతి అక్టోబరులోనూ ఒక శుక్రవారం నుంచి ఆదివారం వరకు, హకాతా నుంచి వచ్చే ఈ డెబ్బై మూడేళ్ళ జపాను మనిషిది. యౌవనంలో నాలుగేళ్ళు ఇక్కడి ఓడల కంపెనీలో పనిచేసినందువల్ల అతనికి ఈ ఊరి మాట యాసతో సహా వచ్చు. ప్రపంచంలో ఏ ఊరు ఇష్టమని అడిగితే తడుముకోకుండా ఈ ఊరి పేరే చెబుతాడు. పదేళ్ళపాటు భార్య ఫుమియేతో కలిసి వచ్చాడు. నాలుగేళ్ళుగా ఒక్కడే వస్తున్నాడు.

ఒక్కడే దిగిన మొదటి ఏడు, "వదినగారేరీ?" అని జమ్‌సున్ అడిగితే, అతను చెప్పులు విడుస్తూ, తల ఎత్తకుండా, "ఫుమియే ఇక ఎక్కడికీ రాదమ్మా," అన్నాడు. అటువంటి మాట మీద రెండో ప్రశ్న వేసే అలవాటు ఆ సందులో ఎవరికీ లేదు. ఆమె వంటింట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చి, అతని బల్ల మీద ఎదురుగా మరో గిన్నెడు అన్నం పెట్టి, పోయినవారికి పెట్టే తీరున అందులో చెంచాను నిలువుగా గుచ్చింది. అప్పటినుంచి ఏటా గుచ్చుతూనే ఉన్నది. "ఎందుకమ్మా ఇది, తీసెయ్యి," అని అతను ఏటా అంటూనే ఉన్నాడు.

ఈ ఉదయం మాత్రం అనలేదు. నిలబడిన చెంచాను కాసేపు చూసి, తన పళ్ళెంలోని వేయించిన చేపముక్కను తీసి ఆ గిన్నె పక్కన పెట్టాడు.

జమ్‌సున్ చేత్తోనే కళ్ళు తుడుచుకున్నది. "ఇన్నాళ్ళకి మీ మనసు కుదుటపడింది."

"నిన్న ఊరుమ్మడి స్నానశాలలో ఒకాయన నా వీపు తోమాడు," అన్నాడతను. "ఇంకొకరు నా ఒళ్ళు తోమితే ఎలా ఉంటుందో మరిచేపోయాను. రాత్రి తొమ్మిది గంటలు నిద్రపోయానమ్మా. మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదు."

"మరి ఆ నడుం నొప్పి?"

"ఇక్కడికొస్తే ఉండదు."

"ఒంటి మనిషికి నడుం నొప్పేమిటో! రోజూ బస్తాలెత్తే కూలీలాగా!"

అతను నవ్వి పులుసు గిన్నె మీదికి వంగాడు.

"ఇదిగో వినండి. మా తమ్ముడు తేసిక్ బుధవారం పడవ తీస్తున్నాడు. మిమ్మల్నీ ఎక్కించుకుంటానన్నాడు. ఉండిపోండి."

"నేను ఉండగలిగేది రెండు రాత్రులే."

"ఎవరి శాసనం అది?"

"నేను పెట్టుకున్నదే."

"అయితే మీరే తీసెయ్యండి. అక్కడ మీకెవరున్నారని? పిల్లా పీచూ లేకపాయె. వెళ్ళి ఆ గోడలకి మొహం చూపించాలా?"

అతను గిన్నెలో మిగిలిన పులుసు తాగేశాడు.

"పక్కింటివాళ్ళు కంగారుపడతారనా? ఫోను చేసి చెబుదాం."

"వాళ్ళకి నేను వచ్చినట్టే తెలియదు. ఎవరికీ చెప్పలేదు."

"దొంగచాటుగా వచ్చారా! ఇక్కడ ప్రియురాలుందనుకుంటారనా?"

"ఈ వయసులోనా?"

"ఈ వయసులోనే అన్నయ్యగారూ, మగాళ్ళని అసలు నమ్మకూడదు!"

అయినా పది గంటలకు అతను లేచాడు. జమ్‌సున్ మొహం ముడుచుకుని, సంచి తానే మోస్తూ, రేవుదాకా వెంట వచ్చింది. ఓడ ఎక్కేవారి వరుస అప్పటికే తలుపుదాకా పెరిగింది. తొకునాగా చివర నిలబడ్డాడు. అద్దాల అవతల ఓడ కనబడుతున్నది. వరుస రెండుసార్లు ముందుకు కదిలింది, అతను కదలలేదు. వెనకవాళ్ళు అతన్ని దాటుకుని పోతున్నారు.

జమ్‌సున్ అది గమనించింది. గొంతు తగ్గించి అడిగింది. "నిజం చెప్పండి. ఇంకో నాలుగు రోజులు ఇక్కడ సుఖంగా ఉంటే వదినగారు ఏమైనా అంటారా?"

అతను చాలాసేపు ఓడనే చూశాడు.

"ఫుమియే ఏమీ అనదు," అన్నాడు.

"మరింకేం!"

ఆమె అతని మోచెయ్యి పట్టుకుని టికెట్ల గది దగ్గరికి నడిపించింది. ఈసారి అతని కాళ్ళు కదిలాయి.

"తిరుగు ప్రయాణం మార్చాలా తాతగారూ?" అన్నది కిటికీలోని అమ్మాయి. "గురువారానికి వెయ్యనా?"

"వెయ్యి తల్లీ, గురువారమే," అన్నది జమ్‌సున్.

"వద్దు," అన్నాడు తొకునాగా.

ఇద్దరూ అతని వైపు చూశారు.

"తేదీ వెయ్యకుండా ఉంచవచ్చా అమ్మా?"

"ఉంచవచ్చు. ఆరు నెలల్లో ఎప్పుడైనా వెళ్ళవచ్చు."

"అలాగే ఉంచు."

జమ్‌సున్ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, "అదీ మాట! అదీ మగతనం!" అంటూ అక్కడినుంచే తమ్ముడికి ఫోను చేసి, పడవలో మరో మనిషికి చోటుంచమని కేకలు పెట్టింది. పదకొండు గంటలకు ఓడ కూత వేసి గట్టు విడిచింది. అది మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అతను కదలకుండా నిలబడ్డాడు.

"మధ్యాహ్నం ఏం వండుతావమ్మా?" అని అడిగాడు.

"ఇప్పుడేగా తిన్నారు!" అని జమ్‌సున్ పకపకా నవ్వింది. అతనూ నవ్వాడు.

హకాతాలో, మంచం దిగలేని ఫుమియే పక్కన, రెండు రోజులకు సరిపడే నీళ్ళే ఉన్నాయి.