నాలుగు రకాల పువ్వులు

"ఒక్క ముక్క తేడాగా మాట్లాడావంటే నీ పిల్ల పేరు బడి రిజిస్టర్లో ఉండదు. ఆనక నన్ననుకుని లాభం లేదు."

పెద్ద మేడమ్ ఈ మాట నవ్వుమొహంతోనే అంది. వరండాలో పోయేవాళ్లెవరైనా చూస్తే తల్లిని ఓదారుస్తోందనుకుంటారు. తలుపు అవతల, ఆఫీసు గదిలో, పన్నుల శాఖ అధికారి ఫైలు తెరుచుకుని కూర్చున్నాడు.

"నాకేం తెలుసు మేడమ్, నేనేమైనా చూశానా?" అంది తల్లి.

"నీకు తెలీదు సరే. నీ కూతురికి తెలుసుగా. దాని చేతులు ఊరుకోవుగా!"

ఆ మాట నిజమే. తొమ్మిదేళ్ల ఆ పిల్లకు పుట్టుకనుంచీ వినపడదు, మాట రాదు. కానీ చేతులతో ఎంత వాగుతుందంటే, ఇంటిల్లిపాదీ దాన్ని పిచ్చుక అనే పిలుస్తారు. ఆ చేతుల భాష నేర్పే బడి ఊరు మొత్తానికి ఇదొక్కటే. ఫీజు లేదు. సేవ చేస్తున్నారు కదా అని సర్కారు ఈ సంస్థకు పన్ను మినహాయించింది. అలాంటిది, బడి వ్యానుల్లో బడి పిల్లల్నే ఎక్కించి, ఎన్నికల్లో నిలబడ్డ మేడమ్ తమ్ముడి ఊరేగింపులకు తిప్పుతున్నారని ఎవరో అర్జీ పెట్టారు.

"మినహాయింపు పోతే బడికి తాళమే. నీ ఒక్కదాని కూతురే కాదు, అరవైమంది పిల్లలు రోడ్డున పడతారు. ఆ ఉసురు ఎవరికి తగులుతుందో నువ్వే ఆలోచించుకో" అంటూ మేడమ్ తలుపు తోసింది.

తల్లి ఆలోచించకుండా ఎప్పుడుంది గనక! పిల్ల తుమ్మితే న్యుమోనియా, వ్యాను పది నిమిషాలు ఆలస్యమైతే ఆస్పత్రి మంచం కళ్లముందు కనబడే మనిషి ఆమె. ఇప్పుడు మాత్రం వేరే కనబడింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరితోనూ ఏమీ చెప్పుకోలేక, ఇంట్లో ఓ మూల కూర్చునే పెద్దదైపోయిన పిచ్చుక.

గదిలో పిచ్చుక కుర్చీ అంచున కూర్చుని కాళ్లాడిస్తోంది. తల్లిని చూడగానే దాని మొహం విచ్చుకుంది. పొద్దున జడ వేసి, ఎదురుగా నిలబెట్టుకుని తల్లే చెప్పింది దానికి, అడిగితే నిజం చెప్పు, నేను పక్కనే ఉంటా అని.

"సేవ పేరుతో పన్ను మినహాయింపు పొంది ఓట్లడుక్కున్నారని తేలితే, జవాబు చెప్పాల్సింది మీరే మేడమ్" అన్నాడు అధికారి.

"అడగండి సార్, మా దగ్గర దాపరికం ఏముంది? అద్దంలాంటి సంస్థ."

పిల్ల చేతులు చెప్పేది మాటల్లో పెట్టడానికి బడి టీచరమ్మే పక్కన నిలబడింది. వ్యానులో ఎక్కడికి తీసుకెళ్లారో అడగమన్నాడు అధికారి. పిచ్చుక చేతులు రివ్వున లేచాయి. మమ్మల్ని అందరికంటే ముందు నడిపించారు. తలా ఒక జెండా ఇచ్చారు. మీసాలాయన బండెక్కి అందరికీ దండాలు పెట్టాడు. మమ్మల్ని చూపించి ఏడ్చాడు. ఒకటే ఎండ. దాహమేసింది. నీళ్లివ్వలేదు.

"తోటకెళ్లారటండీ" అంది టీచరమ్మ. "మీసాల తోటమాలి వీళ్లకు దండం పెట్టాడట. ఎండకి మొక్కలకి నీళ్లు చాలట్లేదని పాపం కళ్లనీళ్లు పెట్టుకున్నాడట."

తల్లి చివ్వున టీచరమ్మ వైపు తిరిగింది. 'అమ్మ' అనే మాట ఆ చిట్టి వేళ్లకు మొట్టమొదట నేర్పింది ఈ టీచరమ్మే. ఆ రోజు ఈమె చేతులు పట్టుకుని తను వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎన్నిసార్లు వెళ్లారట?"

పిచ్చుక నాలుగు వేళ్లు చూపించింది.

"వెళ్లింది ఒక్కసారేనటండీ. నాలుగు రకాల పువ్వులు చూశారట."

"ఓహో. ఏయే రకాలో?" అధికారి రాసుకుంటూనే, తలెత్తకుండా అడిగాడు.

"అదీ... గుర్తులేదటండీ" అంది టీచరమ్మ, పిల్లను అడగనైనా అడక్కుండా.

మేడమ్ హాజరు రిజిస్టరు ముందుకు లాక్కుని, తీరిగ్గా పేజీలు తిప్పి, ఒక పేరు మీద వేలు ఆనించింది.

అధికారి తల్లివైపు తిరిగాడు. "కన్నతల్లి కదమ్మా, ఈ భాష మీకూ వచ్చే ఉంటుంది. టీచరమ్మ చెప్పింది సరిగ్గా ఉందా?"

పిచ్చుక కూడా అమ్మనే చూస్తోంది. బాగా చెప్పానా అని దాని చేతులు అడుగుతున్నాయి.

తల్లి దగ్గొచ్చినట్టుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెదాల కదలికను పిల్ల ఇట్టే పట్టేస్తుంది మరి.

"సరిగ్గానే ఉందండీ. అది చెప్పింది అదే."

రెండో చేత్తో పిల్లకు, బాగా చెప్పావు అని సైగ చేసింది. పిచ్చుక ఫక్కున నవ్వింది. దానికి వినపడదు. తనేమందో దానికి ఎప్పటికీ తెలియదు. కూతురు పుట్టాక తొలిసారి ఆ సంగతి తలుచుకుని తల్లి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

మేడమ్ రిజిస్టరు మూసేసింది. అధికారి పెన్ను జేబులో పెట్టుకుని లేచి, తిన్నగా పిచ్చుక కుర్చీ దగ్గరకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నువ్వు చెప్పిందంతా నాకర్థమైంది తల్లీ" అన్నాయి ఆయన చేతులు, ఏ తడబాటూ లేకుండా. "మరి మీ అమ్మేంటి, అదేదీ జరగలేదంటోంది?"